ఆరేడుగురం, ఒకటే బల్ల, మూడు గంటలు: కటాన్ ఒక్కటే సరిపోవట్లేదు

శనివారం_బల్ల (విశాఖ)

అపార్ట్‌మెంట్ హాల్లో ప్రతి శనివారం రాత్రి 7 నుంచి 10 దాకా బోర్డ్ గేమ్స్ పెడుతున్నాం. వచ్చేవాళ్లు ఐదుగురికి తగ్గరు, ఏడుగురికి మించరు. వయసులు 13 నుంచి 60 పైదాకా. రమ్మీ, అష్టాచెమ్మా అందరికీ వచ్చు. ఇద్దరికి ఇంగ్లిష్ గబగబా చదవడం ఇబ్బంది. ఉన్నది కటాన్ (దీవి మీద ఊళ్లు, రోడ్లు కట్టే ఆట) ఒక్కటే, పెట్టె మీద 3–4 మందికి అని ఉంది.

5–6 మంది ఎక్స్‌టెన్షన్ కొనాలా, వేరే ఆట కొనాలా? నలుగురితో ఆడినా రెండున్నర గంటలు పడుతోంది, సగం నుంచి ఎవరో ఒకరు ఫోన్ తీస్తున్నారు. తప్పు ఎక్కడ? తెలుగులో ఆడుకోగలిగేది ఏదైనా ఉందా? ఇంకోటి, ఇక్కడి ఉప్పుగాలికి కార్డులు విల్లులా వంగుతున్నాయి.

ఐదు_చుక్కలు

ఎక్స్‌టెన్షన్ ఇప్పుడే వద్దండి. దాంతో 19 పలకల దీవి 30 పలకలవుతుంది, బల్ల నిండిపోతుంది, మీ అసలు బాధ మాత్రం అలాగే ఉంటుంది. మీ వంతు మళ్లీ రావాలంటే మధ్యలో ఐదుగురి బేరాలు తెమలాలి. పాత ముద్రణల్లో దీనికోసమే ఒకరి వంతు అవగానే మిగతావాళ్లు కట్టుకోవచ్చని నియమం పెట్టారు. అదీ కట్టడం వరకే, బేరానికి లేదు. ఏడో మనిషికి అప్పటికీ చోటు ఉండదు.

నలుగురితో రెండున్నర గంటలు పట్టిందంటే ఎక్కడో నియమం జారినట్టే. కొత్తవాళ్లున్నా గంటన్నరలో తేలిపోవాలి.

ముందు మొదటి ఊళ్లు ఎక్కడ పెడుతున్నారో చూడండి. అంకె బిళ్లల మీద అంకె కింద చిన్న చుక్కలుంటాయి, అవి అలంకారానికి వేసినవి కావు. పాచికల్లో పడిన అంకె ఉన్న పలకకు తగిలే ఊళ్లకే సరుకు కార్డులొస్తాయి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 6 పడేది ఐదు రకాలుగా, 8 కూడా అంతే, అందుకే వాటికి ఐదేసి చుక్కలు. 2, 12 ఒక్కో రకంగానే పడతాయి, వాటికి ఒక్కో చుక్క. ఊరు పెట్టే మూలకు తగిలే మూడు పలకల చుక్కలు కూడండి. 6, 9, 4 కలిసే మూల అంటే 5+4+3, పన్నెండు. దాన్ని వదలకూడదు. 12, 3, 10 కలిసే మూల ఆరు చుక్కలే, అక్కడ సముద్రం చూస్తూ కూర్చోవాల్సిందే. రెండు ఊళ్లకూ కలిపి 18 చుక్కలు రానివాళ్ల చేతికి కార్డు రావడం గగనం. ఫోన్ తీసేది వాళ్లే. కొత్తవాళ్లు వచ్చిన రోజు పుస్తకంలో బొమ్మ వేసి చూపించిన మొదటి ఆట అమరికనే వాడండి. సొంతంగా పేర్చిన రోజు 6, 8 పక్కపక్కన పడకుండా చూసుకోండి.

ఇక మరిచిపోయే నియమాలు. రెండో ఊరు పెట్టగానే దానికి తగిలే పలకల సరుకు ఒక్కోటి చేతికి రావాలి. ఇది వదిలేస్తే మొదటి అరగంట ఎవరూ ఏమీ కట్టలేరు. 7 పడితే ఎనిమిది, అంతకు మించి కార్డులున్న ప్రతి ఒక్కరూ సగం పారేయాలి, పాచికలు వేసినవాడు ఒక్కడే కాదు. తొమ్మిదుంటే నాలుగు పోతాయి. ఈ భయం లేకపోతే అందరూ దాచుకుంటూ కూర్చుంటారు, దీవి మీద ఏమీ లేవదు. బేరం వంతు ఉన్నవాడితోనే. పక్కనున్న ఇద్దరూ తమలో తాము మార్చుకోకూడదు. కొన్న డెవలప్‌మెంట్ కార్డును అదే వంతులో వాడకూడదు. దాంతో గెలుపుకు కావాల్సిన పది పాయింట్లు పూర్తయ్యే పాయింటు కార్డయితే మాత్రం చూపించొచ్చు.

7 పడినప్పుడు కదిపే, కూర్చున్న పలక సరుకు ఆపే దొంగ విషయంలో ఈ నియమం పుస్తకంలో లేదు, మీరే పెట్టుకోండి: రెండు పాయింట్ల మీదే ఉన్నవాడి పలక మీద దొంగను పెట్టకూడదు. వెనకబడ్డవాణ్ని ఇంకా తొక్కడం వల్ల ఆట సాగుతుందే తప్ప ఎవరికీ లాభం లేదు. రమ్మీ ఆడేవాళ్లకు బేరం రుచి త్వరగా అంటుకుంటుంది కాబట్టి వంతుకు మూడు బేరాలే అని గీత గీస్తే పావుగంట మిగులుతుంది.

ఇటుక దొరకనివాడు డీలా పడక్కర్లేదని కూడా చెప్పండి. రోడ్డుకు ఇటుక, కలప కావాలి, నిజమే. కానీ మూడు ఖనిజం, రెండు గోధుమలతో ఉన్న ఊరే నగరమవుతుంది. రోడ్డెక్కకుండా గెలిచే దారి అది.

మనుషుల లెక్కకొస్తే ఏడుగురంటే నాలుగు, మూడు. ఆరుగురంటే మూడు, మూడు. ఐదుగురికి ఒకే బల్ల చాలు. కాబట్టి కొనాల్సింది రెండో బల్ల మీదికి ఒక ఆట, అందరూ కలిసి ఆడే ఒక ఆట.

ముక్కకోత

అందరూ కలిసి ఆడేదంటే నా ఓటు 6 నిమ్ట్‌కి. వోల్ఫ్‌గాంగ్ క్రామర్ 1994లో చేసిన ఆట, పది మంది దాకా ఆడొచ్చు. 1 నుంచి 104 దాకా అంకెల ముక్కలే, చదవడానికి అక్షరం లేదు. రమ్మీ వచ్చినవాళ్లకు ఐదు నిమిషాల్లో పట్టుబడుతుంది.

తలా పది ముక్కలు పంచి, బల్ల మీద నాలుగు ముక్కలు ఒకదాని కింద ఒకటి తెరిచి పెట్టాలి. అవే నాలుగు వరసలకు మొదళ్లు. ఏడుగురికి 74 ముక్కలు పోగా 30 కట్టలోనే ఉండిపోతాయి, అందుకని లెక్కపెట్టేవాడి ఆటలు పూర్తిగా సాగవు. అందరూ ఒక్కో ముక్క బోర్లా పెట్టి ఒకేసారి తిప్పుతారు. చిన్న అంకె నుంచి మొదలుపెట్టి, ప్రతి ముక్కా తనకంటే చిన్నదైన చివరి ముక్కల్లో అన్నిటికన్నా దగ్గరిదాని పక్కన చేరుతుంది. వరసలో ఆరో ముక్క పెట్టినవాడు ముందున్న ఐదూ ఎత్తుకోవాలి. ఎత్తుకున్నవన్నీ నష్టమే.

ఒక చేయి చూడండి. వరసల చివర్లు 14, 33, 58, 81. 58 వరసలో అప్పటికే ఐదున్నాయి. మీరు 61 వేశారు, అంటే మీదే ఆరోది, ఎత్తుకోవాలి. కానీ పక్కావిడ 60 వేసిందనుకోండి, చిన్నది కాబట్టి ముందు ఆవిడ ఎత్తుకుంటుంది, 60 కొత్త వరసకు మొదలవుతుంది, మీ 61 హాయిగా దాని పక్కన కూర్చుంటుంది. ఇంకెవరో 9 వేసి ఉంటే? అది అన్నిటికన్నా చిన్నది, చోటు లేదు. అతను తనకిష్టమైన వరస ఎత్తుకుని అక్కడ 9 పెట్టాలి. 58 వరసే ఎత్తుకుంటే 60 వెళ్లి 33 పక్కన పడుతుంది, అక్కడెన్ని ఉన్నాయన్నది మళ్లీ ఇంకో కథ. బల్ల మీద అరుపులు వినిపించేది ఇక్కడే.

ముక్క మీద ఎద్దు తలలు ఎన్నుంటే అన్ని చెడ్డ పాయింట్లు. 55కి ఏడు, మిగతా పదకొండు గుణిజాలకు ఐదేసి, సున్నాతో ముగిసేవాటికి మూడు, ఐదుతో ముగిసేవాటికి రెండు, తక్కిన వాటికి ఒకటి. ఎవరో ఒకరికి 66 చేరితే ఆట ఆఖరు, తక్కువున్నవాళ్లు గెలిచినట్టు. ఏడున్నరకు వచ్చినవాళ్లకు తర్వాతి పంపకంలో ముక్కలిస్తే చాలు, అప్పటిదాకా ఎక్కువ తిన్నవాడి లెక్కే వాళ్లకూ రాసేయండి.

పాలు_నీళ్లు

తెలుగులో కావాలంటే కోడ్‌నేమ్స్. వ్లాదా ఖ్వాటిల్ 2015లో తెచ్చిన ఆట. రంగులు చూపించే కీ కార్డుల మీద అక్షరాలుండవు, కాబట్టి పెట్టెలోని ఇంగ్లిష్ మాటల కార్డులు పక్కనపెట్టి మన మాటలు రాసుకుంటే చాలు. 25 మాటలు ఐదైదుగా పరుస్తారు. మొదలుపెట్టే జట్టుకు 9, రెండోదానికి 8, ఎవరికీ చెందనివి 7, హంతకుడు ఒకటి. ఏ మాట ఎవరిదో కీ కార్డులో చూసే జట్టు నాయకుడు తమ మాటలకు సూచనగా ఒక మాట, అవెన్నో ఒక అంకె చెబుతాడు. జట్టు తమవనుకున్న మాటలను ఆ అంకె కన్నా ఒకటి ఎక్కువ దాకా ముట్టుకోవచ్చు. హంతకుణ్ని ముట్టుకుంటే అక్కడికక్కడే ఓటమి.

మాటల ఎంపికలోనే అంతా ఉంది. రెండు మూడు అర్థాలున్న పొట్టి మాటలు తీసుకోండి: పాలు, చుక్క, పట్టు, కొట్టు, వేరు, గుండు, మడి, మాత్ర, గురువు, పాదం, నాడి, తార, ముక్క. "కుర్చీ", "రిమోట్" లాంటివి పది కార్డులకు ఒకటి చాలు, వాటికి ఒకే దారి. నూరు కార్డులు రెండు వైపులా రాస్తే 200 మాటలు. పెన్ను మరక అవతలికి దిగని దళసరి చార్టు వాడండి. వెనకనుంచి మాట కనిపించిందంటే కార్డు గుర్తుపట్టేస్తారు.

బల్ల మీద గురువు, మాత్ర మీవి అనుకుందాం. "ఛందస్సు, 2" అనడానికి నోరూరుతుంది. అనేముందు హంతకుడెవరో చూడండి. అది పాదం అయితే మీ జట్టులో పద్యం వచ్చినాయన ముందు దాన్నే ముట్టుకుంటాడు. ఆ రోజు "ఛందస్సు" మింగేసి, మాత్ర ఒక్కదానికి "జ్వరం, 1" అనడమే క్షేమం.

ఇంగ్లిష్ నియమాలు తెలుగుకు నేరుగా అతకవు, మొదటిరోజే రెండు ఒప్పందాలు చేసుకోండి. బల్ల మీద పాలు ఉంటే పాలకోవా, పాలేరు చెల్లవు, ఆ మాట విభక్తితో గానీ సంధిలో గానీ కనబడకూడదు. ఇక, మనకు సమాసం కట్టడం చిటికెలో పని కనుక, అక్కడికక్కడ అతికించిన మాటలు చెల్లవు. "తిరుమలగుండు" లాంటివి ఒప్పుకుంటే ఆట అయిపోయినట్టే. "కల్యాణకట్ట" మాత్రం నిజంగా వాడుకలో ఉన్న మాట, దాన్ని ఆపకండి.

ఆరేడుగురికి రెండు జట్లు సరిగ్గా సరిపోతాయి. నాయకుడు నిమిషాల తరబడి ఆలోచిస్తుంటే ఇసుక గడియారం తిప్పేయండి.

గాలిమర (వరంగల్)

ఫ్యాన్ సంగతి ఎవ్వరూ చెప్పలే. సీలింగ్ ఫ్యాన్ కింద కటాన్ కార్డులు, 6 నిమ్ట్ వరసలు లేచిపోతయి. బల్ల ఫ్యాన్ కిందికెల్లి జరపండి, లేకుంటే కార్డులను స్లీవుల్లో (పల్చటి ప్లాస్టిక్ తొడుగుల్లో) వెయ్యండి, బరువుకు కొంచెం ఆగుతయి. స్లీవులు కొనేముందు కార్డు కొలవండి. కటాన్ ది 54 × 80 మిల్లీమీటర్లు, మామూలు పేకముక్కల సైజు స్లీవుల్లో వదులుగా జారుతది. స్లీవ్ వేస్తే కట్ట మందమైతది, పెట్టెల ఉన్న ప్లాస్టిక్ గూట్లె పట్టకపోవచ్చు. వేసేదుంటే మొత్తం కట్టకు వెయ్యండి, కొన్నిటికే వేస్తే అవి గుర్తులైతయి.

వంగుడు సంగతి: కార్డుకు ఒక దిక్కు తేమ ఎక్కువ పీల్చి, ఇంకో దిక్కు తక్కువ పీలిస్తే వంగుతది. ఎండల పెట్టకండి, ఇస్త్రీ చెయ్యకండి, పైపొర లేస్తది. మూత గట్టిగున్న డబ్బాల కార్డులను బరువు కింద పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ సంచులు రెండు వేసి మూడు నాలుగు రోజులు వదిలెయ్యండి. ఆడినంక ఆ డబ్బాలనే దాచండి. సంచులల్ల రంగు గింజలుంటే రంగు మారినప్పుడు మార్చండి.

తిండికి వేరే స్టూల్ పెట్టండి. మిర్చిబజ్జి, మిక్చర్ ఆట మధ్యల వద్దు. చెంచాతోని తినే మరమరాలు, గింజల్లేని ద్రాక్ష నడుస్తది, ఒలిచిన బత్తాయి వద్దు. చాయ్ కప్పు మాత్రం బల్ల మీదికి రావద్దు, ఎవ్వరిదైనా సరే.

శనివారం_బల్ల (విశాఖ)

అందరికీ ధన్యవాదాలు. రెండో ఊరు సరుకు మేం నిజంగానే ఇవ్వట్లేదు! 6 నిమ్ట్, కోడ్‌నేమ్స్ ఖాయం. ముగ్గురి బల్లకు టికెట్ టు రైడ్ (పటం మీద రైలు దారులు పట్టుకునే ఆట) అనుకుంటున్నాం. యూరప్ తీసుకోవాలా, అమెరికాదా? ఇండియా పటం కూడా ఉందంటున్నారు?

ఐదు_చుక్కలు

మొదటిది అమెరికా. యూరప్‌లో సొరంగాలు, పడవలు, స్టేషన్లు అదనం, కొత్తవాళ్లకు చెప్పడానికే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఇండియా పటం 1911 నాటిది, బాగుంటుంది, కానీ అది అదనపు పటమే. బోగీలు, రంగు కార్డులు మొదటి పెట్టెలోంచే తెచ్చుకోవాలి. అదీ నలుగురి దాకానే.

ముగ్గురే ఆడేటప్పుడు రెండు ఊళ్ల మధ్య పక్కపక్కనే ఉండే జంట దారుల్లో ఒకటి ఎవరైనా పట్టుకుంటే రెండోది మూసేసినట్టే. ఇది వదిలేస్తే పటం మరీ ఖాళీగా ఉండి పోటీయే ఉండదు. తెరిచి ఉన్న ఇంజిన్ కార్డు (ఏ రంగుకైనా చెల్లేది) తీసుకుంటే ఆ వంతుకు అదొక్కటే, కట్ట మీంచి గుడ్డిగా తీసింది ఇంజిన్ అయితే మాత్రం ఇంకోటి తీసుకోవచ్చు. తెరిచిన ఐదులో మూడు ఇంజిన్లయితే ఐదూ తీసేసి కొత్తవి పరవాలి.

చెప్పేటప్పుడు కార్డుల రంగులతో మొదలుపెట్టకండి. ముందు ఆట ఎలా ముగుస్తుందో చెప్పండి: ఒకరి దగ్గర 45 బోగీల్లో రెండు, అంతకు తక్కువ మిగలగానే, అతనితో సహా అందరికీ ఒక్కో వంతు. ఏ ఊరినీ ఏ ఊరినీ కలపాలో చెప్పే టికెట్ పూర్తికాకపోతే దాని విలువ పాయింట్లలోంచి పోతుందని కూడా అప్పుడే చెప్పేయండి. ఆఖర్న తెలిస్తే గొడవే.