@ గుర్తు ఎవరి సొత్తు: సన్యాసులదా, షావుకార్లదా?

లిపిపిచ్చి:
లాటిన్‌లో "అద్" ("కి", "దగ్గర" అని అర్థం) అనే చిన్న మాటని గబగబా రాస్తూ "డి" తోకని "ఏ" చుట్టూ తిప్పేశారట, అదే @ అయిందట. బెర్తోల్డ్ ఉల్మన్ అంత లిపి పండితుడు చెప్పిన మాట. జనం నోట్లో పడి అది మఠాల్లో సన్యాసుల కథ అయిపోయింది. నాకు నమ్మకం కుదరట్లేదు. మీరేమంటారు?

చిట్టాపద్దు:
కుదరకపోవడమే సబబు. వర్తకుల వైపు కాగితాలున్నాయండీ. 1536 మే 4న ఫ్రాన్సెస్కో లాపి అనే ఫ్లోరెన్స్ వర్తకుడు స్పెయిన్‌లోని సెవిల్ నుంచి రోముకి ఉత్తరం రాస్తూ, పెరూలో ఒక @ వైను 70, 80 డ్యూకాట్లు పలుకుతోందన్నాడు. @ అంటే ఆంఫొరా అనే కొలత, పీపాలో 30వ వంతు. ఈ ఉత్తరాన్ని 2000లో జార్జియో స్టాబిలే అనే ఇటలీ పండితుడు వెలుగులోకి తెచ్చాడు. ఇంకా వెనక్కి వెళ్తే, స్పెయిన్‌లో 1448 నాటి గోధుమల పద్దులో ఇదే గుర్తు "అరోబా"కి వాడారు. అది క్వింటాలులో నాలుగో వంతు తూకం. సరుకూ ధరా తప్ప వేరే గొడవే లేదు ఇందులో.

పలకాబలపం:
మరి 1345 సంగతో? మనాస్సెస్ అనే బైజాంటైన్ రచయిత రాసిన చరిత్రకి అప్పటి బల్గేరియన్ అనువాదం వాటికన్‌లో ఉంది. అందులో "ఆమిన్" మొదటి అక్షరం అచ్చం @ లాగే ఉంటుంది. అది రాసింది షావుకార్లు కాదు కదా!

చిట్టాపద్దు:
అది "అ"కి వేసిన సింగారం. "అద్"తో దానికేం సంబంధం? పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిపేస్తామా?

అమీర్‌పేట కుర్రాడు:
మనవాళ్లు ఈమెయిల్ చెప్పేటప్పుడు "ఎట్ ది రేట్ జీమెయిల్" అంటారే, అది కొట్టు బిల్లు భాషే! "12 సంచులు @ 45". నెట్‌వర్క్ ఈమెయిల్ మొదలెట్టిన రే టామ్లిన్‌సన్ 1971లో అడ్రసుల కోసం దీన్ని ఎందుకు ఎంచుకున్నాడంటే, కీబోర్డు మీద ఉంది, ఎవరి పేర్లోనూ రాదు, అంతే.

లిపిపిచ్చి:
చిట్టాపద్దు గారూ, ఒక్క లింకు తెగుతోంది. మీ కాగితాల్లో @ కొలత. ఇంగ్లీషు బిల్లులో అది ధరకి ముందొచ్చే "చొప్పున". కొలత ధరగా ఎప్పుడు మారింది? అది తేలేదాకా, ఫ్రెంచి వాళ్లు ధర ముందు పెట్టే "à" నుంచి వచ్చిందన్న వాదనని ఎలా కొట్టేస్తారు?

చిట్టాపద్దు:
కొట్టేయను. ఫ్రెంచి వాళ్లదైనా వర్తకుల రాతే కదా. సన్యాసులకి మాత్రం వాటా ఇవ్వను.