టెస్టింగ్ వదిలేసి చెట్ల పనిలోకి వెళ్దామనుకుంటున్నా (యూకే), అనుభవం సున్నా

మోకు_మనవడు:
అందరికీ నమస్తే. ఉండేది రెడింగ్‌లో, వయసు 37, పదమూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. మార్చిలో ఉద్యోగం పోయింది, మళ్ళీ ఇంటర్వ్యూలంటేనే విసుగొస్తోంది. పోయిన నెల పక్కింట్లో యాష్ చెట్టు కొట్టడానికి ముగ్గురు వచ్చారు. ఒకతను తాడు మీద వేలాడుతూ ఒక్కో కొమ్మ కోసి దింపుతుంటే కిటికీ దగ్గర టీ పట్టుకుని నిలబడిపోయాను, టీ ఎప్పుడు చల్లారిందో తెలీదు. అప్పట్నుంచి అదే ఆలోచన. ట్రీ సర్జన్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు చైన్‌సా నుంచి క్లైంబింగ్ దాకా అన్నీ కలిపి ప్యాకేజీ అంటున్నారు, రెండు వేల పౌండ్ల పైనే. కట్టేయనా? ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది, వీసా గొడవ లేదు. మా తాత నల్గొండ దగ్గర గీత పని చేసేవాడు. అమ్మకి ఫోన్‌లో చెప్తే "మీ తాత మీ నాయనను బడికి తోలింది నువ్వు మళ్ల చెట్టెక్కనీకేనా" అని పెట్టేసింది.

కెంట్_క్లైంబర్:
ఇప్పుడే కట్టకు బ్రదర్. ఆరేళ్ల నుంచి ఇదే పని నాది, అంతకుముందు గోడౌన్‌లో చేసేవాణ్ణి. నువ్వు చూసింది పైనున్న ఒక్కణ్ణి, కింద ఇద్దరు ఏం చేశారో చూశావా? మొదటి ఏడాదంతా నీ పని అదే, గ్రౌండ్స్‌మన్. కొమ్మలు ఈడ్చుకెళ్లి మొదలు వైపు ముందుగా, వాటిని ముక్కలు చేసే చిప్పర్‌లో పెట్టాలి, పెట్టగానే పక్కకి జరగాలి, ఎందుకంటే రోలర్లు లాగేటప్పుడు కొమ్మ తిరిగి ఈడ్చి కొడుతుంది. నాకు రెండో రోజే మోచేతి మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. అదయ్యాక పచ్చిక మీద ఆకు లేకుండా ఊడవాలి. జనవరి వానలో కూడా ఇదే. చుట్టుపక్కల చిన్న టీమ్‌లకి ఫోన్ చేసి నాలుగు శనివారాలు కూలికి వస్తానని అడుగు. అప్పటికీ నచ్చితే కోర్సులు ఒక్కోటీ చెయ్యి: ముందు చైన్‌సా మెయింటెనెన్స్, పడ్డ దుంగలు కోయడం, తర్వాత 380 మిల్లీమీటర్ల లోపు మందమున్న చెట్లు పడేయడం, ఆ తర్వాత క్లైంబింగ్, ఏరియల్ రెస్క్యూ, తాడు మీద ఉండి చైన్‌సా వాడటం అన్నిటికన్నా చివర. రెస్క్యూ ఎందుకంటే పైనున్నవాడికి ఏదైనా అయితే వాణ్ణి దింపగలిగినవాడు కింద ఉండి తీరాలి, ఒంటరిగా ఎవరూ ఎక్కకూడదు. అన్నీ ఒకే నెలలో చేసేసి కార్డులు చూపించినా నిన్ను ఎవరూ చెట్టు మీదికి పంపరు, ఈలోగా నేర్చుకున్నది మర్చిపోతావు.

ఇంకోటి, ఆ యాష్ చెట్టుకి మొదట్లోనే ఆశపడకు. 2012లో ఇక్కడ బయటపడ్డ ఫంగస్ తెగులుతో యాష్ చెట్లు నిలువునా చస్తున్నాయి, కట్టె పెళుసెక్కిపోతుంది, బయటికి బానే కనిపించే కొమ్మ కూడా పుటుక్కున విరుగుతుంది. బాగా పాడైనవాటి మీదికి మేం తాడేసి ఎక్కం, మనిషిని బుట్టలో పైకెత్తే బూమ్ లిఫ్ట్ తెప్పిస్తాం.

దింపు_రాజు:
అమలాపురం నుంచి. మా కొబ్బరి దింపు వాళ్లకి కార్డులూ లేవు, కోర్సులూ లేవు, కాళ్లకి బంధం, నడుముకి కత్తి, అంతే 😀 చైన్‌సా అంటే మాత్రం నాకు భయమే. మా వీధిలో తుఫానుకి పడ్డ చెట్టు కోస్తుంటే బార్ కొన పై భాగం ఇంకో కొమ్మకి తగిలి రంపం మొహం మీదికి ఎగిరింది, వెంట్రుకవాసిలో బతికాడు ఆ కుర్రాడు.

కెంట్_క్లైంబర్:
రాజు గారూ, దాన్నే కిక్‌బ్యాక్ అంటారు, మొదటి రోజు మొదటి గంటలో చెప్పేది అదే.

సర్వే_అక్క:
తమ్ముడూ, 37 పెద్ద వయసేం కాదు కానీ భుజాలు, నడుము యాభై దాకా ఇలాగే ఉంటాయనుకోకు. మా ఆయన పదకొండేళ్లు ఎక్కి ఇప్పుడు కొటేషన్లు రాస్తున్నాడు, నేను చెట్ల సర్వే చేస్తాను. ఇందులో రాతపని చాలా ఉంటుంది, అక్కడ నీ టెస్టింగ్ బుర్ర పనికొస్తుంది. రంపం తీసేముందు ఆ చెట్టు మీద ప్రిజర్వేషన్ ఆర్డర్ (అనుమతి లేకుండా కొట్టకూడదనే ఆదేశం) ఉందా, కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపు కాపాడే ప్రాంతం) ఉందా అని కౌన్సిల్‌తో సరిచూసుకోవాలి. కన్జర్వేషన్ ఏరియా అయితే ఆరు వారాల ముందు నోటీసివ్వాలి. పిట్ట గూడు కట్టుకుని ఉంటే ఆగాలి, తొర్రలో గబ్బిలాలుంటే లైసెన్సు లేకుండా ఇక ముట్టుకోవడానికే లేదు. ఇంటాయన "నా చెట్టే కదా" అంటాడు, జరిమానా మాత్రం కొట్టినవాడికి కూడా పడుతుంది. బీఎస్ 3998 అని చెట్ల పని ప్రమాణం ఉంది, ముందు అది చదువు. కాళ్లకి ముళ్ల ఇనుములు కట్టుకుని ఎక్కడం కొట్టేసే చెట్టుకే, బతకాల్సిన చెట్టుకి కాదు. ఈ తేడా తెలిసిందంటే మంచి టీమ్‌వాళ్లు నిన్ను కాస్త పట్టించుకుంటారు.

మోకు_మనవడు:
అప్‌డేట్. ఫోన్ చేసిన తొమ్మిది మందిలో ఒకాయన శనివారం రమ్మన్నాడు. పొద్దున ఏడున్నర నుంచి లేలాండీ (సైప్రస్ రకం చెట్టు) కంచె, ముప్పై అడుగుల ఎత్తు. దాని జిగురుకి ముంజేతులంతా దద్దుర్లు, చెవుల్లో రంపపు పొట్టు, ఆదివారం మౌస్ పట్టుకుంటే వేళ్లు ముడుచుకోలేదు. తొంభై పౌండ్లు చేతిలో పెట్టి వచ్చే వారం కూడా రమ్మన్నాడు. పైన క్లైంబర్‌కి రెండు తాళ్లున్నాయి, రెండూ వేర్వేరు చోట్ల కట్టినవి, ఒకటి పోయినా ఇంకోటి పట్టుకుంటుంది. ఆ ఫొటో అమ్మకి పంపాను. మా బాబాయికి ఊళ్లో ప్రభుత్వం గీత కార్మికులకి ఇచ్చిన కాటమయ్య రక్షణ కవచం కిట్‌తో పోల్చి చూసుకుందట, "ఆ బెల్టు గట్టిదేనా" అని ఒక్క మెసేజ్. ఇంకా మాట్లాడట్లేదు.

ప్యాకేజీ కట్టలేదు. చైన్‌సా మొదటి కోర్సు ఒక్కటే బుక్ చేశా. బూట్ల సంగతి చెప్పండి, మామూలు సేఫ్టీ బూట్లు సరిపోతాయా?

కెంట్_క్లైంబర్:
సరిపోవు. చైన్‌సా బూట్లే కొను, రంపం బొమ్మ ముద్ర ఉందో లేదో చూసుకో. ప్యాంటు సెకండ్ హ్యాండ్ కొనకు, ఒకసారి కోత పడ్డ ప్యాంటులో రంపాన్ని ఆపే లోపలి దారాలు మళ్ళీ పనిచేయవు. లేలాండీకి పొడుగు చేతుల చొక్కా వేసుకో, దురద తగ్గుతుంది.