శివారా, చివారా?

ఇంద్రపాలెం నుంచి:
కాకినాడలో లాకులు దాటాక, వరిచేలల్లో వేసిన లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. అడ్రస్ చెప్పగానే అందరూ "ఓహో, శివారా" అంటారు. వెంటనే మా తాతయ్య మాట గుర్తొస్తుంది: "చివారు చేనుకి నీరు..." ఆ తరవాతి ముక్క ఎంతకీ తట్టడం లేదు. ఆయన "చి" అనే పలికేవారు. చివర, శివారు ఒకటేనా?

మండపేట మాస్టారు:
కాదండి. మరాఠీలో శివార్ అంటే ఊరి చేలు. మనకది రెవెన్యూ లెక్కల్లోంచి దిగి ఉంటుంది. పెద్ద ఊరికి అనుబంధంగా ఉన్న పల్లెని ఇప్పటికీ "ఫలానా ఊరి శివారు" అనే రాస్తారు. తాతయ్యగారిది నోటి అలవాటు.

ముమ్మిడివరం నుంచి:
అలా కొట్టేయకండి మాస్టారూ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలొచ్చాక మా వైపు శివారంటే కాలువ చివరి పొలమే. దాళ్వాలో, అదే రెండో పంటకి, నీటి వంతు కోసం టార్చిలైటుతో గట్టు మీద పడుకున్నవాడికి అది "చివర" కాక ఇంకేమిటి?

రామచంద్రపురం నుంచి:
ఊరి చివర శివాలయం ఉండేది కాబట్టి శివారు అని మా నాన్నగారు చెప్పేవారు.

మండపేట మాస్టారు:
మరి ద్రాక్షారామంలో భీమేశ్వరుడి చుట్టూ ఊరే ఉంది కదమ్మా! ఆ స్వామి మీద పురాణం రాసిన శ్రీనాథుడే కదా, పలనాట జొన్నకూడు తప్ప సన్నన్నం లేదని చాటువు చెప్పాడంటారు. అలాంటివాడికి రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో ఎంత హాయిగా ఉండి ఉంటుందో! సన్నన్నం విలువ ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

ఇంద్రపాలెం నుంచి:
ఆ సన్నాలు పండిన నేలలోనే ఉన్నాం మాస్టారూ. లంకల నుంచి పిల్లల చదువులకని వచ్చినవాళ్ళు, రిటైరైన టీచర్లు, పోర్టు ఉద్యోగులు, చేను అమ్మి రెండు ప్లాట్లు మాత్రం ఉంచుకున్న రైతు, అందరం ఒకే వీధి. ఆ వీధి మా ఇంటి దగ్గర వంకర తిరుగుతుంది, పాత పంటబోదె అలా పోయేది మరి. గేటు పక్కన దాని సిమెంటు తూము సగం గ్రావెల్లో కూరుకుపోయి ఉంది. వాన పడితే నీళ్ళు ముందు అక్కడికే చేరతాయి.

ముమ్మిడివరం నుంచి:
బోదె కాదండి, మా వైపు బోది.

ఇంద్రపాలెం నుంచి:
బోది! తాతయ్యా అలాగే అనేవారు. "చివారు చేనుకి బోది నీరు..." కాదు, మధ్యలో ఇంకో మాట ఉంది.