లారీ డ్రైవర్ రోజుకు ఎన్ని గంటలు నడపొచ్చు?

మా తమ్ముడు గుంటూరు నుంచి నాగపూర్‌కి మిర్చి లోడు తోలతాడు, ఒక్కడే డ్రైవరు. పగలంతా యార్డులో లోడింగ్ దగ్గర నిలబడి, రాత్రికి బండెక్కి తెల్లారేదాకా ఆపకుండా నడుపుతున్నాడు. దీనికి రూల్ ఏమైనా ఉందా?

జవాబు: ఉందండీ. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 అని రాశారు, దూర ప్రయాణాలకైతే అనుమతితో రోజుకు 10, వారానికి 54 దాకా. 5 గంటల పనికి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉంది. ఆ చట్టం అయిదుగురు, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న సంస్థలకే కదా అని ఓనర్లు తప్పించుకునేవాళ్లు, కానీ 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 91 రవాణా వాహనం నడిపే ఎవరికైనా ఆ 1961 చట్టంలోని గంటలే అని చెప్పింది.

ఇంకో జవాబు: నేనూ డ్రైవర్నే అన్నా. కాగితం మీద గంటలు సరే, కిరాయి ట్రిప్పు లెక్కన ఇస్తే ఎవడు ఆపుతాడు? తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు మాత్రం కనపడదు, టీ తాగినా లాభం లేదు. తమ్ముడికి చెప్పు, ఆ టైంలో లే-బైలో (హైవే పక్కన బండ్లు ఆపే చోట) బండి పెట్టి పడుకోమను. ఓనర్‌ని రెండో డ్రైవర్ అడగండి.

అడిగినవారు: థాంక్స్ అన్నా, ఈ రోజే ఓనర్‌తో మాట్లాడతా.