వాడిన లెన్స్‌కి అంత పాటా? గ్రూపు వేలాల్లో జనానికి ఏమవుతోంది?

నల్లకుంట_ఫ్రేమ్

ఆదివారం రాత్రి మన సిటీ సెకండ్ హ్యాండ్ కెమెరా గ్రూపులో జరిగిన పాట ఎవరైనా చూశారా? నాకైతే ఇంకా మింగుడు పడటం లేదు. నిక్కాన్ 85 ఎంఎం 1.8జీ, ఎఫ్ మౌంట్ (నిక్కాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకి తగిలేది). బాక్స్ లేదు, బిల్లు లేదు, హుడ్ మీద గీతలు. 12 వేలతో మొదలైంది, తొమ్మిదిన్నర దాకా 18 వేల దగ్గర కదలకుండా కూర్చుంది. పది గంటలకు క్లోజ్ అనగా ఆఖరి ఐదారు నిమిషాల్లో ఇద్దరు పట్టుకున్నారు. ఒకాయన 500 పెంచితే ఇంకొకాయన ఇంకో 500, మధ్యలో చూసేవాళ్లు నిప్పు ఎమోజీలు, చివరికి 29,500కి పోయింది. కొరియర్ ఖర్చు దానికి అదనం.

సరిగ్గా అదే లెన్స్ అదే వారం కోఠిలో ఒక షాపులో 26 వేలకు ఉంది. మన కెమెరా బాడీకి తగిలించుకుని నాలుగు ఫొటోలు తీసి చూసుకోవచ్చు, నెలలోపు ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాసిస్తాడు. పాట 27 దాటాక ఆ షాపులో తీసిన ఫొటో, ధర నేనే కామెంట్‌లో పెట్టాను. పాడుతున్న ఇద్దరిలో ఒక్కరూ పట్టించుకోలేదు. పైగా అడ్మిన్ వచ్చి "భాయ్, పాట నడుస్తున్నప్పుడు డిస్టర్బ్ చేయకండి" అన్నాడు!

ఫిల్మ్ కెమెరాలైతే ఇంకా ఘోరం, లైట్ మీటర్ చచ్చిపోయిన యాషికా కెమెరాకి కూడా కొట్టుకుంటున్నారు. ధర తెలియక అనుకుందామంటే ఫోన్‌లో ఇంకో ట్యాబ్ తెరిస్తే తెలిసిపోయే సంగతే కదా. ఇదంతా దొంగ పాటా (అమ్మేవాడి మనిషే పాడి రేటు పెంచడం), లేక మామూలు మనుషులు నిజంగానే అలా అయిపోతారా? మీరు పాటలో దిగితే ఎక్కడ ఆగాలన్నది ఎలా అనుకుంటారు?

పాతలెన్స్_భాయ్

నేను పాత సామాను కొని, సర్వీస్ చేయించి అమ్ముతుంటాను, కాబట్టి అమ్మేవాడి వైపు నుంచి చెప్తాను. అసలు కిటుకంతా ఆ 12 వేల దగ్గర ఉంది. 22తో మొదలుపెడితే నిజంగా కావాల్సినవాళ్లు ముగ్గురే వస్తారు, 23 దగ్గరో 24 దగ్గరో అయిపోతుంది. 12 అని పెడితే "చవగ్గా తగులుతుందేమో చూద్దాం" అని ఊరంతా చేరుతుంది, ఊరికే ఒక పాట వేసి పోతుంది. మధ్యాహ్నం నుంచి తన పేరే పైన కనిపిస్తున్న మనిషికి సాయంత్రానికి ఆ లెన్స్ తనదే అయిపోతుంది, ఇంట్లో చెప్పేసి ఉంటాడు, వచ్చే వారం ఎవరి పెళ్లిలో వాడాలో కూడా అనుకుని ఉంటాడు. రాత్రి ఎవడో వచ్చి దాని మీద 500 పెంచితే అతనికి అది పాటలా అనిపించదు, తన బ్యాగ్‌లోంచి లాక్కున్నట్టు అనిపిస్తుంది. అప్పటినుంచి లెక్క 29 వేలకి కాదు, "ఇంకో 500కి వదిలేస్తామా" అన్నదానికే.

నన్నడిగితే అసలు వింత వేరే ఉంది. పాటలో వచ్చే లెన్స్ షాపు ధర కంటే తక్కువకి పోవాలి, సమానంగా కూడా కాదు. ఎందుకంటే మనం చేత్తో చూడలేం. లెన్స్ చేతికొస్తే నేను మొదట రెండు క్యాప్‌లూ తీసి వెనక నుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి ముందు నుంచి చూస్తాను. ఫంగస్ ఉంటే అంచు నుంచి లోపలికి సన్నటి పోగులు పాకి కనిపిస్తాయి, హేజ్ అయితే గాజంతా మసకగా ఉంటుంది. ఇలాంటి జీ లెన్స్‌కి అపర్చర్ రింగ్ (వెలుగు వచ్చే రంధ్రాన్ని పెంచే, తగ్గించే చక్రం) ఉండదు కాబట్టి మౌంట్ దగ్గర చిన్న లివర్‌ని వేలితో తోసి వదలాలి, బ్లేడ్లు టక్కున మూసుకోవాలి, బద్ధకంగా మూసుకుంటే లోపల ఆయిల్ దిగిందని అర్థం. తర్వాత బాడీకి పెట్టి ఫోకస్ మోటార్ కీచుమంటోందా, మొరాయిస్తోందా అని చెవి పెట్టి వింటాను. ఇవేవీ నాలుగు ఫొటోల్లో తెలియవు. "మింట్ కండిషన్" అని పైన పెద్దగా రాసి, కింద "కొద్దిగా ఫంగస్ ఉంది, ఫొటోలకి ఎఫెక్ట్ లేదు" అని రాసేవాళ్లు కూడా ఉన్నారు, దండం పెట్టాలి వాళ్లకి.

ఇంకోటి, నిక్కాన్ 2018లో లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి జడ్ మౌంట్ తెచ్చిన దగ్గర్నుంచి వాటికి మారేవాళ్లంతా ఎఫ్ మౌంట్ లెన్సులు వదిలించుకుంటున్నారు. 85 1.8జీ దొరకని సరుకేం కాదు. ఇది పోతే వారం ఆగితే ఇంకోటి వస్తుంది.

తార్నాక_ఎకో

దీని మీద మంచి పరిశోధనే ఉంది. యంగ్ హాన్ లీ, ఉల్రికే మల్మెండియర్ అని ఇద్దరు 2011లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఒక పేపర్ వేశారు. ఈబేలో ఒక బోర్డు గేమ్ పాటకీ వస్తోంది, అదే సైట్‌లో అదే సమయంలో అదే గేమ్ ఫిక్స్‌డ్ రేటుకీ దొరుకుతోంది. ఒక సెర్చ్ కొడితే రెండూ ఒకే పేజీలో కనిపిస్తాయి. అయినా 42 శాతం పాటలు ఆ ఫిక్స్‌డ్ రేటు దాటి ముగిశాయి. నల్లకుంట భాయ్ కోఠి ఫొటో పెట్టినా ఎవరూ చూడకపోవడం ఇలాంటిదే.

అందులో నాకు బాగా నచ్చిన విషయం వేరే. అలా దాటి పాడినవాళ్లు మొత్తం పాడినవాళ్లలో 17 శాతమే. అంటే జనానికి పిచ్చెక్కిందని అనుకోనక్కర్లేదు, ఎక్కువమంది సరైన చోటే ఆగిపోతున్నారు. కానీ వేలంపాట సగటు మనిషి మాట వినదు, అందరికంటే పైన ఉన్నవాడి మాటే వింటుంది. ముప్పై మంది చేరితే ఇరవై ఎనిమిది మంది బుద్ధిగా 22 దగ్గర దిగిపోయినా, మిగతా ఇద్దరికి పంతం వస్తే చాలు, తెల్లారి అందరికీ కనిపించేది 29,500 మాత్రమే. షాపులో ఇది జరగదు, ఎందుకంటే అక్కడ ఒక అమాయకుడు వచ్చినంత మాత్రాన బోర్డు మీద ధర మారదు. అంటే తక్కువ పాటతో మొదలుపెట్టి జనాన్ని పోగేస్తే అలాంటి ఇద్దరు తగిలే అవకాశం పెరుగుతుంది, పాతలెన్స్ భాయ్ చెప్పిన కిటుకు అక్కడే పనిచేస్తోంది.

ఆఖరి ఐదు నిమిషాల గోల గురించి కూడా చెప్పాలి. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబేనీ, అప్పట్లో అమెజాన్ నడిపిన వేలాలనీ పోల్చి చూశారు. ఈబేలో టైమ్ అవగానే పాట ఆగిపోతుంది. అమెజాన్‌లో చివర్లో ఎవరైనా పాడితే పాట ఇంకో పది నిమిషాలు సాగేది. ఆఖరి క్షణంలో దూకడం ఈబేలో చాలా ఎక్కువ కనిపించింది. మన గ్రూపులో పది కొట్టగానే క్లోజ్ అని పెట్టారు, పైగా గడువు దగ్గరపడ్డాక ఎవరికీ ఆలోచించే తీరిక ఉండదు.

బాలాపూర్_బండి

అన్నా, మీరు ఎక్కడో అమెరికా దాకా పోయారు, మన బాలాపూర్ గణేశ్ లడ్డూ వేలం ఉండనే ఉంది కదా. 1994లో 450 రూపాయలకి పాడారు, 2024కి 30 లక్షలు దాటింది. లడ్డూ ఖరీదెంత అని ఎవడైనా అడుగుతాడా? పాడినోడి పరువు, పేరు, నమ్మకం, అన్నీ కలిపి ఆ రేటు. కెమెరా గ్రూపులో కూడా అంతే, పదిమంది ముందు నిలబడి కొట్టుకున్నాక వెనక్కి తగ్గితే చిన్నతనం. ఏదో సరదా, వాళ్ల డబ్బు వాళ్లిష్టం.

నల్లకుంట_ఫ్రేమ్

బాలాపూర్ బ్రో, పోలిక బాగానే ఉంది గానీ నాకు కుదరట్లేదు. లడ్డూ డబ్బు ఊరి పనులకి వెళ్తుంది, పాడినాయన పేరు మర్నాడు పేపర్లో వస్తుంది, ఆయన కొనుక్కునేదే అది. అక్కడ ఎక్కువ పెట్టడమే అసలు ఉద్దేశం. ఇక్కడ 29,500 పెట్టినాయన ప్రొఫైల్ పేరు ఏదో కార్టూన్ బొమ్మ, రేపు ఎవరికీ గుర్తుండడు. మిగిలేది లెన్స్ ఒక్కటే, అది 26కే దొరికేది.

తార్నాక గారూ, 17 శాతం లెక్క బాగుంది, నేను అందరికీ పిచ్చి పట్టిందనే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. కానీ దొంగ పాట సంగతి ఎవరూ చెప్పలేదు.

చీకటి_గది

దొంగ పాట లేదని ఎవరూ అనలేరు, కాకపోతే ఈ ఒక్క పాట చూసి చెప్పలేం. నేను గమనించే గుర్తులు ఇవీ: పాడే ఐడీ కొత్తగా పుట్టిందా, ఒకే అమ్మకందారు వస్తువుల మీదే ఎప్పుడూ పాడుతోందా, పాడుతుంది గానీ ఎప్పుడూ గెలవదా. అన్నిటికంటే పెద్దది పాట అయిపోయాక వస్తుంది. "మొదటాయన హ్యాండ్ ఇచ్చాడు, మీ చివరి పాటకే ఇచ్చేస్తాం" అని రెండో ఆయనకి మెసేజ్ వచ్చిందంటే ఆ మొదటాయన అసలు ఉన్నాడా అని అడగాలి. మీ చివరి పాట అతని వల్లే కదా పెరిగింది, ఆ రేటుకి ఎందుకు తీసుకోవాలి? అతను రాకముందు మీరు ఎక్కడున్నారో అక్కడికి వస్తే మాట్లాడండి, లేదంటే వదిలేయండి.

అలాగే ఎక్కువ పెట్టిన ప్రతివాడినీ తెలివితక్కువవాడని తీసిపారేయొద్దు. ఫూజీ ఎక్స్100వీ గుర్తుందా? 2020లో 1,399 డాలర్లకి వచ్చింది, తర్వాత రీల్స్‌లో మోజు పెరిగి కొత్తది ఎక్కడా స్టాక్ లేకుండా పోయింది, వాడినవి కొత్త ధర దాటి అమ్ముడయ్యాయి. అప్పుడు ఎక్కువ పెట్టినవాడికి లెక్క ఉంది, వేరే దారి లేదు. 2024లో 1,599 డాలర్లకి ఎక్స్100వీఐ వచ్చాక కూడా పాత ఎక్స్100వీకి అదే రేటు పాడేవాళ్ల సంగతి వేరు. మా మేనమామ అయితే వాళ్ల నాన్న వాడిన మోడల్ అని ఒక యాషికా మ్యాట్ కోసం మార్కెట్ రేటుకి బాగా పైన పెట్టాడు, దాన్ని నేనేమీ అనను, ఆయన కొనుక్కున్నది కెమెరా కాదు కాబట్టి. 85 1.8జీకి మాత్రం ఈ రెండు కారణాల్లో ఏదీ వర్తించదు.

నల్లకుంట_ఫ్రేమ్

మెసేజ్ సంగతి బాగా చెప్పారు అన్నా. సరే, ఇప్పుడు అసలు అవసరానికి వస్తాను. 105 మైక్రో ఒకటి కావాలి, అదే చిన్న వస్తువులు దగ్గర్నుంచి తీసే నిక్కాన్ 105 ఎంఎం లెన్స్. మన ఈబే ఇండియా 2018లోనే మూతపడింది, కాబట్టి గ్రూపు పాట లేదా బయటి దేశం ఈబే. జపాన్ సెల్లర్ల దగ్గర రేట్లు చూస్తే నోరూరుతోంది. పై పరిమితి ఎలా పెట్టుకోవాలి?

పాతలెన్స్_భాయ్

నోరూరే రేటు అది కాదు తమ్ముడూ, ఇంటికి చేరిన రేటు చూడు. లెన్స్ ధర, షిప్పింగ్, ఇన్సూరెన్స్ మూడూ కలిపి దాని మీద కస్టమ్స్ డ్యూటీ వేస్తారు, డ్యూటీ కలిపిన మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. కొరియర్ వాడి క్లియరెన్స్ చార్జీ వేరే, కార్డులో డాలరు మార్పిడికి బ్యాంకు కోత వేరే. అందుకే వెనక నుంచి లెక్క కట్టు. ముందు కోఠి గుజరాతీ గల్లీలో, ఇంకో రెండు షాపుల్లో అదే లెన్స్ ఎంతకిస్తారో అడుగు. అందులోంచి నువ్వు చూడకుండా కొంటున్నావు కాబట్టి కొంత తగ్గించు, నేనైతే ఒక సర్వీసింగ్ ఖర్చు పూర్తిగా తీసేస్తాను. మిగిలినదాంట్లోంచి పన్నులు, షిప్పింగ్ తీసేస్తే వచ్చేదే నీ పాట. చాలాసార్లు అది చూసి నవ్వొస్తుంది, అంత తక్కువ ఉంటుంది. అప్పుడు కోఠికి వెళ్లడమే మంచిది.

సెల్లర్‌ని ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి రాయమని మాత్రం అడగకు. పట్టుకుంటే పార్సిల్ ఇరుక్కుంటుంది, దారిలో పగిలితే ఇన్సూరెన్స్ కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది.

తార్నాక_ఎకో

ఈబేలో అయితే ఆ వచ్చిన నంబర్ ఒక్కసారే కొట్టేసి ఫోన్ పక్కన పెట్టేయండి. మీ గరిష్ఠం ఎవరికీ కనపడదు, మీ తరఫున సిస్టమే పాడుతుంది, రెండో వ్యక్తి ఆగిన చోటు కంటే ఒక్క మెట్టు పైన మాత్రమే మీరు కడతారు. 300 డాలర్లు కొట్టినా అవతలివాడు 240 దగ్గర ఆగితే మీకు 240 చిల్లరకే వస్తుంది. అందుకే తక్కువ చేసి కొట్టి మెల్లగా పెంచుకుంటూ పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, పెంచుతూ పోయేవాడే పంతంలో పడతాడు.

గ్రూపులో కామెంట్ పాటకి ఈ సదుపాయం లేదు, అంతా బహిరంగమే. అక్కడైతే అడ్మిన్‌ని ఒకటి అడగొచ్చు: చివరి పాట పడ్డాక ఐదు నిమిషాలు ఎవరూ పాడకపోతేనే క్లోజ్ అని రూల్ పెట్టమని. దానివల్ల పంతం పోదు గానీ, కోఠి ధర చూసుకోవడానికి కనీసం టైమ్ దొరుకుతుంది.

చీకటి_గది

అడ్మిన్ ఒప్పుకోడు, అమ్మేవాళ్ల దగ్గర కమిషన్ శాతం లెక్కన తీసుకుంటున్నాడు. అడిగి చూడండి, ఏమంటాడో ఇక్కడ పెట్టండి. 105 మైక్రో విషయానికొస్తే వీఆర్ (చెయ్యి వణికినా బొమ్మ కదలకుండా ఆపేది) ఉన్న వెర్షన్ అయితే బాడీకి పెట్టి షట్టర్ సగం నొక్కి, వీఆర్ ఆన్ చేసి వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడుతోందా ఎగురుతోందా చూడందే డబ్బులు ఇవ్వకండి, ఆ రిపేరు ఖర్చు ఎక్కువ.