ఒంటిని తిట్టుకోకుండా షుగర్ తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా?

నాకు 34 ఏళ్లు, మాది ఖమ్మం. రెండో కాన్పప్పుడు షుగర్ వచ్చి పోయింది, బరువు మాత్రం 78 కిలోల దగ్గర ఆగిపోయింది. మొన్న హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగర్‌కి ముందు దశ అంటారు కదా, అందులో ఉన్నానన్నమాట. ఇప్పుడే మందులొద్దు, నడక, తిండి చూసుకో అంది డాక్టరమ్మ.

రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తింటున్నా. తిన్నాక పదిహేను నిమిషాలు డాబా మీద నడక. మెట్లెక్కితే ఆయాసం రావట్లేదు, నిద్ర పడుతోంది. గొడవల్లా బరువు మిషన్ ఎక్కినప్పుడే. రెండు నెలలకి తగ్గింది కిలోన్నర! ఆ రోజంతా అద్దం చూడబుద్ధి కాదు, సాయంత్రానికి మొండిగా మిర్చి బజ్జీలు తెప్పించుకుంటా. (ఒక్క ప్లేటుతో ఆగితే కదా.)

పైగా మొన్న పెళ్లిలో మా పెద్దత్త అందరి ముందూ "మీ ఆయనకేమన్నా మిగులుస్తున్నావా, అంతా నువ్వే తింటున్నావా?" అంది. నవ్వేశాను. ఇంటికొచ్చి పట్టని జాకెట్లన్నీ ముందేసుకుని ఏడ్చాను. మర్నాడే ఇప్పటి కొలతకి నాలుగు కుట్టడానికిచ్చా. సన్నబడ్డాక కుట్టించుకోవచ్చుగా అంటుంది అమ్మ. అప్పటిదాకా ఎందుకాగాలి?

మీలో ఎవరైనా ఈ దశ దాటారా? బరువు చూసుకోవడం పూర్తిగా మానేశారా, నెలకోసారి చూశారా? నడుము కొలత చూసుకుంటే మనసుకి కాస్త నయమా? పెద్దత్తలాంటి వాళ్లకి మర్యాద చెడకుండా ఏం చెప్పారు? డైట్ పొడులు అమ్మేవాళ్లు మాత్రం దయచేసి రావద్దు, దండం పెడతా.