రుచుల జాడా, రుచుల తీరా?

పొడిమాట: వేమన పద్యంలో “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు” తర్వాత “చూడ చూడ రుచుల తీరు వేరు” అనే నోటికి వస్తోంది. తీరా, జాడా? ఇంట్లో పోర్-ఓవర్ కాఫీకి, అంటే కాగితం ఫిల్టర్‌లోని పొడి మీద వేడినీళ్లు పోసి దించే కాఫీకి, గ్రైండర్ ఎంచుకోవడం మీద రాస్తున్న వ్యాసానికి ఆ పాదమే శీర్షిక. మిక్సీలో కొట్టిన పొడీ, పళ్లున్న రెండు బిళ్లల (బర్‌ల) మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్‌లో పట్టిన పొడీ కంటికి ఒకటే, తేడా కప్పులో తెలుస్తుంది కదా. పనిలో పనిగా, ‘బర్’కి తెలుగు మాట ఉంటే చెప్పండి.

యతిమైత్రి: జాడే, అనుమానం లేదు. ఆటవెలది రెండో పాదం, అయిదూ సూర్యగణాలు. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి, అదే యతి. చూ–జా హల్లులు కలిసినా అచ్చులు కలవవు, అందుకే చూడ–జాడ ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవడం. ‘తీరు’ పెడితే మామూలు యతీ కుదరదు, ప్రాసయతీ కుదరదు.

పాతప్రతి: యతి తప్పిన వేమన పద్యాలు జనం నోట బోలెడు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే పాఠాంతరాలు ఎన్నో. ఛందస్సు కుదిరిందని అదే అసలు పాఠం అనేస్తే ఎలా?

యతిమైత్రి: అసలు పాఠం అనలేదండీ, పద్యంగా నిలిచే పాఠం అన్నాను.

ఇసుర్రాయి: పాదం సంగతి మీరు మీరు తేల్చుకోండి. మాట మాత్రం మన ఇండ్లల్లనే ఉన్నది. మీ తిరగలినే మా దిక్కు ఇసుర్రాయి అంటరు. దంచుడు వేరు, ఇసురుడు వేరు. మిక్సీ బ్లేడు దంచుతది, దొరికిన గింజను దొరికినట్టు కొడతది. కొంత దుమ్ము, కొన్ని పలుకులు. దుమ్ము ఫిల్టర్ కాగితాన్ని మూస్తది, నీళ్లు నిలిచి చేదెక్కుతది. పలుకులల్లకెళ్లి సారం దిగక పులుపొస్తది. ఒక్క కప్పులనే చేదు, పులుపు రెండూ తగిలితే తప్పు నీళ్లది కాదు, పొడిది. బర్‌ల గింజ రెండు అంచుల నడుమ నలిగి, ఆ సందు పట్టేటంత అయినంకనే కింద పడతది. అది ఇసురుడే.

పాతప్రతి: బాగా చెప్పారు. బర్‌కి ‘కక్కు’ ఎందుకు కాకూడదు? రోలుకీ తిరగలికీ కక్కు కొట్టిస్తారు, కొడవలికీ కక్కు ఉంటుంది. బర్ మీది పళ్లు చేసే పని అదే. “కక్కు అరిగింది, బిళ్లలు మార్చాలి” అంటే ఎంత హాయిగా ఉంది!

పొడిమాట: కాఫీ వ్యాసంలో ‘కక్కు’ కనిపిస్తే చదివేవారు కప్పు కింద పెట్టేస్తారండీ. ఇంకో చిక్కు. పోర్-ఓవర్ పొడి ‘ఉప్పంత’ ఉండాలని రాసుకున్నాను. సరిపోతుందా?

ఇసుర్రాయి: ఏ ఉప్పు? దొడ్డుప్పు అనుకున్నోని కాఫీ రెండు నిమిషాలు కాకముందే జారిపోయి పుల్లగైతది. డబ్బాల అమ్మే సన్నుప్పు కంటే కొంచెం బరక, సన్న బొంబాయి రవ్వకు దగ్గర అని రాయండి. ఇడ్లీ రవ్వంత అయితే ఫ్రెంచ్ ప్రెస్‌కు, అదే పొడిని నీళ్లల్ల నానబెట్టి జల్లెడతోటి అదిమే గిన్నెకు.

యతిమైత్రి: అన్నట్టు వేమన ఉప్పు కూడా దొడ్డుప్పే కావాలి. పొడి ఉప్పుకీ కర్పూరప్పలుకుకీ పోలికేముంది?

కొలతబద్ద: వ్యాసంలో మాట కంటే కొలత నిలబడుతుంది. 15 గ్రాముల పొడి, 240 గ్రాముల నీళ్లు, అంటే 1:16. నీటి వేడి 92–96 డిగ్రీలు. ముందు 40 గ్రాములు పోసి 40 సెకన్లు ఆగాలి, పొడి పొంగి గాలి వదులుతుంది. మొత్తం మూడు నిమిషాలకు అటూ ఇటూగా దిగాలి. నాలుగు దాటి చేదైతే బరక చేయండి, రెండు లోపే దిగి పుల్లనైతే మెత్తగా పట్టండి. ఒకసారికి ఒకటి రెండు క్లిక్కులే (గ్రైండర్ సందు సర్దే మరలో ఒక్కో మెట్టు ఒక క్లిక్కు) కదపండి, మిగతావేవీ మార్చవద్దు.

క్లిక్కుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. గింజ లేకుండా బిగిస్తూ పోతే ఒకచోట పిడి తిరగదు, అదే సున్నా. అక్కడి నుంచి వదులు చేస్తూ లెక్కించాలి. ఒక కంపెనీ క్లిక్కు ఇంకో కంపెనీకి పనికిరాదు. కమాండాంటే సీ40 అనే చేతి గ్రైండర్‌లో క్లిక్కుకు సుమారు 30 మైక్రాన్లు, పోర్-ఓవర్‌కు 22–26 దగ్గర మొదలెట్టవచ్చు.

కొనేటప్పుడు ఇరుసు పట్టుకుని ఊపి చూడండి. పైనా కిందా రెండు బేరింగులుంటే కదలదు. చవక పింగాణీ బర్ వాటిలో కింది బిళ్ల ఊగుతుంది, బరక పెంచేకొద్దీ ఊపు పెరుగుతుంది, పోర్-ఓవర్‌కు కావలసింది సరిగ్గా ఆ బరక కొలతే. చేతి గ్రైండరే అయితే స్టీలు బర్, 38 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలికి పొడి డబ్బా గోడలకు అంటుకుంటుంది. గింజలకు ఒక్క చుక్క నీరు పట్టించి కలిపితే తగ్గుతుంది. బర్‌ను మాత్రం నీళ్లతో కడగకూడదు, బ్రష్ చాలు.

పాతప్రతి: కాఫీ పొడిలో కలిపే చికోరీ వేరు పొడి సంగతి?

కొలతబద్ద: కాగితం ఫిల్టర్‌కు వద్దు. చికోరీలో నీటికి కరిగేదే ఎక్కువ, కాగితం దగ్గర జిగురుగా నిలిచిపోతుంది. అరకు అరబికా గింజలు తెచ్చి పూటకాపూట పట్టుకోండి.

పాతప్రతి: అయితే వేమనకు సరైన భాష్యం చికోరీయే! పొడులు రెండూ ఒక్క పోలిక. పైగా తెలుగులో రుచిని ‘చూస్తాం’. ‘చూడ చూడ’ అంటే కళ్లతో కాదు, నాలుకతో.

యతిమైత్రి: ఒప్పుకోను. ఆమ్రేడితం, అంటే మాట రెండుసార్లు రావడం, పరీక్షను చెబుతుంది, చూడగా చూడగా అని. ‘పోలిక’ కంటిది కనుక ‘చూడ’ కూడా అక్కడే మొదలవుతుంది.

పాతప్రతి: కంటితో మొదలై నాలుకతో తేలితే నా మాటే కదా? పైగా రుచి చూసి తేల్చాలంటే అది పచ్చకర్పూరమే కావాలి. హారతి కర్పూరం నోట్లో వేసుకునేది కాదు.

యతిమైత్రి: పచ్చకర్పూరం పలుకు దొడ్డుప్పంత ఉండదే!

పొడిమాట: అయితే పొడి కొలతకు ‘కప్పురమంత’ అని రాసేయనా?

ఇసుర్రాయి: అది ఎన్ని క్లిక్కులకొస్తదో కూడా రాయండి.